చివరి కడుగు నీళ్లు

చౌటుప్పల్ బస్టాండు ముందు బజ్జీల బండి మీద కాగే నూనె వాసన తగిలితే నాకు ఆకలి కన్నా ముందు రహీం సార్ గుర్తుకొస్తారు. అలా వాడి పారేసిన నూనెలోని కొవ్వు ఆమ్లాలను డీజిల్ లాంటి ఇంధనంగా మార్చడమే మా చిన్న ప్రయోగశాల పని. అప్పట్లో దానికి పెద్ద ఆయనే. నేను కట్టంగూర్ నుంచి వచ్చి కొత్తగా చేరాను, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాకు తొందర ఎక్కువ, భయం అంతకన్నా ఎక్కువ.

ఆ మార్పు తెచ్చేది ఒక తెల్లటి పొడి. మెగ్నీషియం, అల్యూమినియం లవణాల నీళ్లలో సోడా కలిపితే తెల్లటి ముద్ద దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, కొలిమిలో కాలిస్తే లోహ ఆక్సైడు పొడి వస్తుంది. ఆ కడగడమే నాకు మహా విసుగు. సార్ మాత్రం పోచంపల్లిలో వాళ్ల నాయిన రంగులద్దిన నూలు జాడిస్తూ పెరిగిన మనిషి. ఎన్ని నీళ్లు మార్చినా ఆయనకు విసుగు రాదు.

"జొన్నరొట్టెలు దొంతర పెడ్తం సూడు బిడ్డా, గట్లుంటయి దీని పొరలు. సోడా పోయి నడుమల దాక్కుంటది. ఆఖరు నీళ్లల్ల ముంచితే గీ లిట్మస్ కాగితం రంగు మారొద్దు. గప్పటిదాక కడుగుడే" అనేవారు.

యాజమాన్యం వాళ్లు చూడడానికి వస్తున్నారనగా, నేను నాలుగుసార్లు కడిగి పుస్తకంలో ఏడని రాశాను. కాగితం ముంచనే లేదు. వాళ్లు వచ్చే ముందురోజు పొద్దున, ఆ పొడి వేసి నూనె కాచిన పాత్ర మూత తీస్తే ఇంధనానికి బదులు చిక్కటి జిగురు కనిపించింది. సార్ కొంచెం వేళ్లకు రాసుకుని నల్లా కింద పెట్టారు. నురగ వచ్చింది. మిగిలిపోయిన సోడా కొవ్వు ఆమ్లాలను సబ్బు చేసింది.

"ఎన్నిసార్లు కడిగినవ్?"

"నాలుగు సార్. ఏడని రాసిన."

"సబ్బయితే మంచిగనే అయింది" అని చేతులు తుడుచుకున్నారు. "పని తప్పయితే మళ్ల చేస్తం. రాత అబద్ధమైతే తప్పు యాడుందో ఎట్ల ఎతుకుతం? కొట్టేసి నాలుగని రాయి. వాళ్లకు నేను చెప్త."

మరునాడు ఆయన వాళ్లకు ఆ సబ్బునే చూపించి, బాధ్యత తనదేనని చెప్పి వారం గడువు అడిగారు. ఆ వారం నేను తొమ్మిదిసార్లు కడిగాను. కాగితం రంగు మారలేదు. ఈసారి తేటగా ఇంధనం దిగింది, నా ఉద్యోగం ఖాయమైంది. ఆయన మీద గౌరవం మాత్రం అంతకుముందే, ఆ సబ్బు దగ్గరే పుట్టింది.

సార్ ఇప్పుడు రిటైరై పోచంపల్లిలో హాయిగా ఉన్నారు. ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేను ఆ పాత పుస్తకం తెరిచి చూపిస్తాను. కొట్టేసిన ఏడు, పక్కన నాలుగు, కింద నా సంతకం. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. తర్వాత కాగితం వాళ్ల చేతికిస్తాను.