సుద్దగీత అవతల నిలబెట్టిన పిల్ల

ఈరోజు ఒక ఎనిమిదేళ్ల పిల్లను గీత అవతల నిలబెట్టాను. ఆ గీత గీసిందీ నేనే.

మద్రాసు తొండియార్‌పేటలో ఒక మేడ కింది హాల్లో ఆదివారం పొద్దున పిల్లలకు తెలుగు చెబుతుంటాను. వాళ్లలో దాదాపు అందరూ మాలాగే ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో ఉద్యోగాలకు వచ్చినవాళ్ల పిల్లలు. తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇంటినుంచి వచ్చేది ఈ పిల్ల ఒక్కతే. ఇంట్లో అమ్మానాన్నలతో తమిళమే మాట్లాడుతుంది. మనవరాలు తనతోనైనా తెలుగులో మాట్లాడాలని వాళ్ల అవ్వ పట్టుబట్టి పంపుతోంది.

ఈరోజు పాఠం రాష్ట్రాలు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం భాష పేరుతో ఎలా విడిపోయిందో, తెలుగువాళ్లు ఎంత అడిగినా ఈ నగరం ఇటే ఎలా ఉండిపోయిందో చెప్పాను. ఒకే భాషవాళ్లు కూడా నీళ్ల దగ్గర, ఉద్యోగాల దగ్గర, మమ్మల్ని చిన్నచూపు చూశారన్న బాధ దగ్గర మళ్లీ రెండయ్యారనీ చెప్పాను. బాగా అర్థం కావాలని నేలమీద సుద్దతో గీతలు గీసి ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు అని మూడు భాగాలు చేశాను. ఈ ఊళ్లో తెలుగువాడు కనబడగానే మనం అడిగే మొదటి ప్రశ్నే పిల్లల్నీ అడిగాను.

"మీ సొంతూరెక్కడ? ఆ రాష్ట్రంలోకి వెళ్లండి."

అందరూ పరుగెత్తారు. ఆ పిల్ల కదల్లేదు.

"మాది ఈడే సార్."

"అయితే నువ్వు తమిళనాడు. ఆ మూలకు పో," అని నవ్వాను. పిల్లలూ నవ్వారు.

ఇంతలో ఫోనొస్తే బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నవ్వులు లేవు. గీతల మీద బెంచీలు అడ్డంగా పడి ఉన్నాయి. మంచినీళ్ల క్యాను ఆంధ్ర వైపుంది. "మీ నీళ్లు మీరు తెచ్చుకోండి" అంటున్నాడు ఒకడు.

"నా సంచీ ఆడుంది," అంది ఆ పిల్ల.

"గిటు రాకు. గీడ నీదేం లేదు," అన్నాడు తెలంగాణ వైపు పిల్లవాడు. ఆంధ్ర వైపువాళ్లు వచ్చి వాడి పక్కన నిలబడ్డారు. అంతవరకు కొట్టుకుంటున్న రెండు వైపులూ ఆమెను ఆపడానికి ఒక్కటయ్యాయి. ఇది నేను నేర్పలేదు. గీత మాత్రమే గీశాను.

ఆట అయిపోయిందన్నాను. ఒకరి మొహాలొకరు చూసుకుని గానీ బెంచీలు జరపలేదు. గీతలు తుడిచేశాక కూడా రెండు గుంపులుగానే ఇళ్లకు వెళ్లారు.

సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. అవ్వ గుమ్మంలోనే నిలబెట్టింది.

"తెలుగు వస్తాదని పంపితి సార్. ఉన్న నాలుగు ముక్కలూ పాయె. ఇంటికొచ్చినప్పట్నించి నాతో గూడా తమిళమే."

పిల్ల మెట్లమీద కూర్చుని ఉంది. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ నేర్చుకోని తమిళంలో, తడుముకుంటూ, తప్పు నాదేనని చెప్పాను. ఆమె తలెత్తలేదు. పక్క మెట్టుమీద కూర్చుని, క్లాసు పిల్లల తల్లిదండ్రులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయసాగాను. నేనేం చేశానో ఆమె వింటుండగానే చెప్పాను. వచ్చే ఆదివారం పిల్లలతోపాటు మీరూ రండి, అందరి ముందూ నన్ను క్షమించమని ఈ పిల్లను అడుగుతాను అన్నాను.

"పోతావా పాపా?" అని అవ్వ తెలుగులో అడిగింది.

నేను తరువాతి ఇంటికి ఫోన్ కలిపాను.