ముందు చక్రానికి మెత్తటి టైరు

మొన్న ఆదివారం లాల్‌దర్వాజాలోని మా అక్క ఇంటికి వెళ్లాను. గుమ్మం పక్కన గోడకు ఒక మేకు ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది మా బావ గొడుగు తగిలించుకునే మేకు. ఇప్పుడు గొడుగు మూలకు చేరింది, మేకుకు సైకిల్ టైరు ఒకటి వేలాడుతోంది. అరిగి నున్నబడ్డ టైరు. దాని పక్కభాగం మీద ఎప్పుడో పెట్టిన పసుపు బొట్టు ఆనవాలు ఇంకా పోలేదు. ఇల్లే ఇరుకు, ఇదొకటి ఎందుకు, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లి పడేస్తానన్నాను. బియ్యం ఏరుతున్న అక్క తలెత్తకుండానే, "దాని జోలికి పోకు తమ్మీ" అంది. ఒకప్పుడు ఇదే అక్క టైరునే కాదు, సైకిల్ మొత్తాన్ని పాత సామాన్లవాడి బండికెక్కిస్తానని భీష్మించుకుంది. అది గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

మా బావ ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకు వస్తువులు కొనడంలో ఒక పద్ధతి ఉంది. ఏ దుకాణానికి వెళ్లినా మొదటి ప్రశ్న, "ఎన్నేండ్లు వస్తది?" గొడుగైనా అంతే, చెప్పులైనా అంతే. పెళ్లిలో మా నాన్న పెట్టిన వాచీ పట్టీలు మార్చుకుంటూ ఇప్పటికీ ఆయన చేతికే ఉంది. అలాంటి మనిషి, షుగర్ ఉంది రోజూ నడవమని డాక్టరు చెబితే, నడక విసుగని గుట్టలెక్కే సైకిల్ కొనుక్కొచ్చాడు. లావు టైర్లు, గేర్లు, ముందు స్ప్రింగులు. గల్లీలో జనం వచ్చి చూసి, "ఏంది బాపూ, పోటీలకు పోతున్నవా" అని పరాచికాలాడారు. ఆయన పట్టించుకోలేదు. ఆదివారాలు తెల్లవారగానే ఇద్దరం జల్‌పల్లి దాటి, కొత్త కాలనీల వెనకున్న గుట్టకు వెళ్లేవాళ్లం. ఎక్కేటప్పుడు సైకిళ్లు తోసుకుంటూ ఇద్దరం ఒకటే. దిగేటప్పుడు మాత్రం నేను నడిపించుకొచ్చేవాణ్ణి, ఆయన తొక్కుకుంటూ దిగేవాడు. అప్పుడు ఆయన ముఖం చూడాలి. ఆఫీసులో ఏ ప్రమోషన్ వచ్చినరోజూ అంత వెలుగు లేదు. ఆ సైకిల్ ధర్మమా అని షుగరూ దిగింది, ఇంట్లో చిరాకూ తగ్గింది.

మొదటిసారి దిగుతుండగా మొరం గులకల మీద జారి బావ మోచెయ్యి గీరుకుపోయింది. టైర్లు అరిగాయని బావ కొత్తది ఒకటి తెచ్చాడు. తెచ్చి, వెనక చక్రానికి వేయించాడు. వెనకున్న పాతది ముందుకు మార్పించాడు. మా దగ్గర సైకిలున్న ప్రతి ఇంట్లో జరిగేది ఇదే. బరువంతా వెనక, క్యారియర్ మీద బస్తా వెనక, అరిగేదీ వెనకే కాబట్టి కొత్త టైరు వెనక్కి, సగం అరిగింది ముందుకు. మా నాన్న అలాగే చేశాడు, బావ వాళ్ల నాన్నా అలాగే చేశాడు. పంక్చర్లు వేసేవాడు కూడా అడక్కుండానే అలా బిగించేశాడు. పక్కనే నిలబడి నేనూ తలాడించాను. ఆ పై ఆదివారమే, గుట్ట వంపు దగ్గర ముందు చక్రం పక్కకు జారి బావ మళ్లీ పడ్డాడు. ఈసారి చెయ్యి మెడకు కట్టుకుని ఇంటికొచ్చాడు.

అక్కకు కోపమొస్తే బావతో నేరుగా మాట్లాడదు. ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే నాతో, "మీ బావకు చెప్పు తమ్మీ. ఇంకొక్కసారి పడ్డడంటే ఆ సైకిల్ ఇంట్ల ఉండది. పాత సామాన్లోనికి ఇచ్చేస్త" అంది. అక్క మాట అంటే మాటే, నాకు తెలుసు. బావకు ఇంకా బాగా తెలుసు. "నడుస్త తియ్యి, నడిస్తే ఏమైతది" అన్నాడు మెల్లగా. మర్నాటి నుంచి రోజూ పొద్దున ఒంటిచేత్తో ఆ సైకిల్ తుడుస్తూ కూర్చునేవాడు. చూస్తే నాకు నిజంగా బాధేసింది.

చెయ్యి నయమయ్యాక నేనే ఆయన్ని లేవదీసి, ఉస్మాన్‌గంజ్ వైపు ఒక పాత సైకిల్ దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణం భాయ్ తెల్లగడ్డం పెద్దాయన. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, రెండు టైర్లూ వేలితో తడిమి, "కొత్తది ఎనుక ఎవరేసిన్రు సాబ్?" అన్నాడు. బావ గర్వంగా మన పద్ధతి వివరించాడు. భాయ్ ఓపిగ్గా అంతా విన్నాడు. "గది సడక్ మీద నడుస్తది. గుట్ట దిగేటప్పుడు ఎనుకది జారితే సైకిల్ తోక ఊపుతది, మీరు సంభాలించుకుంటరు. ముంగటిది జారితే ఫికర్ చేసే టైమ్ గూడ ఉండది. మంచిది ఎప్పుడూ ముంగటికే" అన్నాడు.

మూడు టైర్లు ముందుంచాడు. మూడింటికీ బొడిపెలున్నాయి, నా కంటికి మూడూ ఒకటే. బొటనవేలి గోరుతో బొడిపెను నొక్కి చూడమన్నాడు భాయ్. మొదటిదానిలో గోరు దిగలేదు. రెండోదానిలో కొంచెం దిగింది. మూడోది మెత్తగా లోపలికి తీసుకుని, గోరు తియ్యగానే మెల్లగా మామూలుగా అయింది. పక్క వరుస బొడిపెలు కూడా ఎత్తుగా ఉన్నాయి, వంపులో ఒరిగినప్పుడు నేలను పట్టేవి అవేనట. బావ మూడోదాన్ని ఒళ్లో పెట్టుకుని అలవాటు ప్రకారం, "ఎన్నేండ్లు వస్తది భాయ్?" అన్నాడు. "రాదు సాబ్. జల్దీ అరుగుతది. జో పకడ్తా, వో ఘిస్తా, పట్టేదే అరుగుతది. గట్టిది శానా రోజులుంటది గని బండను పట్టదు. మీకేం గావాల్నో చూస్కోండ్రి." బావ మొదటి టైరు వంకా, ఒళ్లో ఉన్నదాని వంకా చాలాసేపు మార్చి మార్చి చూశాడు. తొందరగా అరిగే వస్తువని తెలిసీ ఆయన కొన్నది జీవితంలో అదొక్కటే అనుకుంటాను. ఆయన ఎదురుగానే దాన్ని ముందు చక్రానికి బిగించారు. ఇంటికెళ్లాక బావ దానికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించాడు.

ఆ ఆదివారం అక్క కూడా వస్తానంది. ఆటోలో వచ్చి, కొంగు నెత్తిన కప్పుకుని, గుట్ట కింద బండ మీద కూర్చుంది. ఒళ్లో మాకు తినడానికి తెచ్చిన సర్వపిండి రొట్టెల డబ్బా. రాత్రి వాన పడింది, మొరం తడిగా ఉంది. బావ పైనుంచి బయల్దేరాడు. ఆ వంపు దగ్గరికి రాగానే వెనక చక్రం పక్కకు ఊగింది. అక్క డబ్బా వదిలేసి లేచి నిలబడింది. ముందు చక్రం మాత్రం కదల్లేదు, నేలను కరుచుకునే ఉంది. సైకిల్ ఊగి, సర్దుకుని, తిన్నగా వచ్చి అక్క ముందు ఆగింది. బావ రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు. అక్క ఆయన్ని చూడలేదు. వంగి, ముందు టైరు బొడిపెను బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత నావైపు తిరగకుండా బావతోనే అంది. "గిసొంటిదే ఇంకోటి కొని ఇంట్ల పెట్టుండ్రి. ఇది అరిగినంక మళ్ల దొర్కుతదో లేదో."

ఆ ఇంకోటే ఇప్పుడు బావ సైకిల్‌కు ఉంది, మొదటిది మేకుకు ఉంది. నేను వెళ్లే ముందు దాన్ని దించి గోరుతో నొక్కి చూశాను. నొక్కడానికి బొడిపె మిగల్లేదు. బావ చేతికున్న వాచీ ఎన్నేళ్లు గడిచాయో చెబుతుంది. ఆ ఏళ్లలో ఆయన పడకుండా దిగిన ఆదివారాలెన్నో చెప్పేది మాత్రం ఈ అరిగిన టైరే.