ఏడో మంచం కావేరమ్మ, వరండాలో వల

"ఆయమ్మా, నీ పేరేంది? ఇన్నాళ్ళు చేయించుకున్నా గాని అడగనే లేదే."

"దేవసహాయమ్మ."

"అమ్మో, అంత పొడుగు పేరు నాకాడ నిలబడదు."

"ఆయమ్మా అనే పెట్టుకో పోమే. గుర్రం కదలతా ఉండాది, గట్టిగా పట్టుకో."

కావేరమ్మా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. జట్కా ఆసుపత్రి గేటు దాటి స్టేషను దారి పట్టింది. ఆమెను మళ్ళీ నేను చూడలేదు.

అది 1961, ఎండాకాలం. నెల్లూరు వైపు ఒక మిషను ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు. ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పి చేసేదీ లేదు. పద్నాలుగు మంచాలు, పడమటి వైపు పొడుగాటి వరండా. నేను అక్కడ ఆయాను. మాది మనుబోలు దగ్గర పల్లె, కూలి చేసుకునే కిరస్తానపు ఇల్లు. నాకు ఇరవై మూడేళ్ళప్పుడే మా ఆయన వాంతిభేదితో పోతే, పాస్టరుగారు చీటీ రాసిచ్చి నన్ను ఈ పనిలో పెట్టించారు. చదువంటారా, సంతకం చేస్తాను, మంచాల మీది నంబర్లు గుర్తుపడతాను. అంతవరకే. ఇది కూడా నేను నోటితో చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుశీల రాస్తోంది.

ఆయా పని ఏముంటుంది, ఊడ్చడమేగా అంటారు తెలియనివాళ్ళు. సూది వేసేది నర్సు. ఆ తరవాత మనిషికి కావలసిందంతా మా చేతుల మీద జరగాలి. మంచం దిగలేనివాళ్ళకు బెడ్‌పాన్ పెట్టాలి, అంటే పక్క మీదే దొడ్డికి కూర్చోబెట్టే పళ్ళెం. రక్తం గుడ్డలు ఉతకాలి, పసిబిడ్డలకు నీళ్ళు పోయాలి, ఒళ్ళు తుడవాలి. ఎవరికి ఉప్పు లేని అన్నం, ఎవరికి గంజి, ఎవరిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అన్నీ మంచం కాళ్ళ దగ్గర వేలాడే ఛార్టులో రాసి ఉంటాయి. ఆ రాత నాకు రాదు. తప్పు చేస్తే పని పోతుంది. అందుకని పద్నాలుగు మంచాలూ నోటికి పట్టేశాను.

ఆ విద్య సండే స్కూలులో అబ్బింది. అక్షరం రాని పిల్లలకు కూడా అక్కడ బైబిలు వాక్యాలు నేర్పేవాళ్ళు. పదిసార్లు అనాలి, పై ఆదివారం తప్పకుండా అప్పజెప్పాలి, తప్పితే చెవి మెలి. నేనూ అట్లాగే పొద్దున వార్డులో అడుగు పెట్టింది మొదలు "ఒకటి ఉప్పులేదు, రెండు కుట్లు, మూడు గంజి" అని లోలోపల వల్లిస్తూనే ఉండేదాన్ని. డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చినప్పుడు ఛార్టు కనిపించకపోతే "ఆయాను అడగండి" అనేది. ఆ ఒక్కమాటకు నా తల పైకప్పుకు తగిలేది.

కావేరమ్మను తడ అవతల, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె నుంచి తెచ్చారు. పడవలో కొంత, రైల్లో కొంత. ఏడో మంచం ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలిచూలు. ఒళ్ళంతా వాచి, పళ్ళు కరుచుకుని, ఫిట్స్ మీద ఫిట్స్. మేము గుర్రపువాతం అంటాం, డాక్టరమ్మ ఎక్లాంప్సియా అనేది. బిడ్డ బయటపడింది, ఆడపిల్ల, సన్నగా ఉన్నా గట్టిదే. తల్లి రెండు రోజులు కన్ను తెరవలేదు.

మూడో రోజు తెరిచింది. మేమంతా సంతోషపడ్డాం. అత్త పోలమ్మ బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది.

కావేరమ్మ కాసేపు చూసి, "ఎవురి బిడ్డ ఇది?" అంది.

"ఎవురి బిడ్డ ఏందిమే! నీ బిడ్డే."

"నువ్వెవురు?"

పోలమ్మ బిడ్డను చంకనేసుకుని వరండాలోకి వెళ్ళి, స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది.

మెదడు వాచింది, వాపు తీస్తే జ్ఞాపకం రావచ్చు, అంతా రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. విశ్రాంతిగా ఉంచండి, కంగారు పెట్టకండి అని కూడా అంది. ఆ రెండో మాట మేమెవరం చెవిన పెట్టలేదు. పోలమ్మ అసలే వినలేదు. ఆమె లెక్క ఆమెది. కొడుకు ఏకాంబరం పడవ మీద ఉన్నాడు, పై ఆదివారం వస్తాడు. అప్పటికీ కోడలు ఇట్లాగే ఉంటే బిడ్డను తాము తీసుకుపోయి, ఈమెను అన్నగారింటికి పంపించేస్తారు.

"మతి లేనిదాని చేతికి పసిబిడ్డనిస్తే, కూడొండతా పొయ్యిలో పెట్టినా పెడద్ది. నాకు కోడలంటే కోపం లేదు ఆయమ్మా. బిడ్డ బతకాల గదా" అంది.

ఆమె మాటలో తప్పు లేదు. అయినా తల్లిని బిడ్డను విడదీయడం నాకు ఒప్పలేదు. జ్ఞాపకం అంటే నాకన్నా తెలిసినవాళ్ళెవరు అనుకున్నాను. ఆదివారం లోపల ఈ పిల్లకు అంతా నోటికి పట్టిస్తానని పంతం పట్టాను.

మొదలుపెట్టాను.

"నీ పేరేంది?"

"తెలవదు."

"కావేరమ్మ. అనుమే. పది మాట్లు అను. మీ ఆయన పేరు?"

"తెలవదు ఆయమ్మా, తల నొప్పి పుడతా ఉండాది."

"ఏకాంబరం. అను. బిడ్డ ఎవురిది?"

"నాది."

"ఆఁ, అట్టా చెప్పు!"

ఒళ్ళు తుడిచేటప్పుడు అడిగేదాన్ని, గంజి తాగించేటప్పుడు అడిగేదాన్ని. నన్ను చూసి పక్క మంచాలవాళ్ళు మొదలుపెట్టారు. దారిన పోయే ప్రతిదీ "నేనెవురో చెప్పు చూద్దాం" అనడమే. పోలమ్మ అయితే రోజుకు ఇరవైసార్లు. పిల్ల మా మొహాలు చూసి, మా పెదాలు ఎట్లా కదిలితే అట్లా అనడం నేర్చుకుంది. నేను వార్డులోకి వస్తుంటే దుప్పటి మొహం మీదికి లాక్కునేది. అన్నం తగ్గింది. నాకు మాత్రం అవేవీ కనబడలేదు. మాటలు తప్పు లేకుండా వస్తున్నాయి, అంతే నాకు కావలసింది.

బుధవారం రౌండ్సులో డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడింది. నేను వెనక నుంచి సైగ చేశాను. కావేరమ్మ కళ్ళు మూసుకుని, "నా పేరు కావేరమ్మ, నా మొగుడు ఏకాంబరం, మా అత్త పోలమ్మ, నాకు ఆడబిడ్డ పుట్టినాది" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. నా ఛాతీ పొంగిపోయింది.

"చాలా మంచిది. మరి మీ పాప ఏదమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

కావేరమ్మ మంచం దిగింది. నాలుగడుగులు నడిచి, తొమ్మిదో మంచం మీద పడుకున్న బిడ్డను ఎత్తుకుంది.

ఆ బిడ్డ తల్లి పెట్టిన కేక గేటు దాకా వినబడింది. "నా కొడుకును ఎత్తకపోతా ఉండాది! పిచ్చిది, పట్టుకోండి!" నలుగురు పరిగెత్తుకొచ్చి బిడ్డను లాక్కున్నారు. కావేరమ్మ రెండు చెవులూ మూసుకుని నేలమీద కూలబడి, "నేను చెప్పినానే, అన్నీ చెప్పినానే" అంటూనే ఉంది.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. అరవలేదు. "ఆయా, నువ్వు ఆమెకు పాఠం నేర్పావు. జ్ఞాపకం రాలేదు, భయం వచ్చింది. ఇకమీద ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు" అంది.

అంతకన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. మధ్యాహ్నం గుడ్డలు ఆరేసి వరండాలో పోలమ్మ పక్కన కూలబడ్డాను. ఆమె వల అల్లుతోంది. సరస్సు పల్లెల ఆడవాళ్ళు చేతులు ఊరికే పెట్టుకోరు. ఆసుపత్రికి వచ్చినా నూలుండా, వెదురు సూదీ, కన్నుల కొలతకు వెదురు బద్దా మూటలో పడతాయి. తంగేడు చెక్క రంగు వేసిన నూలు వాసన వరండా అంతా ఉంది. ఒకచోట నూలు చిక్కుపడితే నేను సాయం చేద్దామని కొస పట్టుకుని లాగాను.

పోలమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది. "లాగబాక! నీకు యవ్వారం తెలవదు. లాగితే ముడి బిగిసిపోద్ది, ఇంక కోసెయ్యాల్సిందే." చిక్కును ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో గాలి ఊదినట్టు వదులు చేసింది. కొస ఎక్కడుందో వెతకను కూడా లేదు. కాసేపటికి అదే జారి బయటికి వచ్చింది.

నేను ఆమె వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. నేను ఇన్ని రోజులుగా ఆ పిల్లను ఏం చేశానో అప్పుడు తెలిసింది.

మర్నాడు వార్డులో ఉక్కగా ఉందని కావేరమ్మను వరండాలో చాప మీద కూర్చోబెట్టాను. ఏమీ అడగలేదు. ఊరికే ఉండడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది, నాలుక దురద పెట్టేది. ఎవరైనా వచ్చి "నేనెవురో" అనబోతే చీపురు ఎత్తి చూపించాను. నర్సు వచ్చి, కావేరమ్మకు పాలు ఎండిపోకుండా పిండి వెళ్ళింది. బిడ్డ పక్కనే గుడ్డలో నిద్రపోతోంది. పోలమ్మ నీళ్ళు తాగడానికని వలను అక్కడే పెట్టి లేచింది.

కావేరమ్మ చేయి ముందుకు వచ్చింది. వెదురు సూది తీసుకుంది. బద్ద మీద నూలు చుట్టింది, దూర్చింది, ముడి బిగించింది. మళ్ళీ చుట్టింది. చూపు ఎక్కడో ఉంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇన్నాళ్ళూ బిగుసుకుని ఉన్న భుజాలు కిందికి దిగాయి. ముక్కులో నుంచి సన్నగా ఏదో కూనిరాగం కూడా మొదలైంది. పోలమ్మ చెంబుతో వచ్చి గుమ్మంలోనే ఆగింది. నేను నోటి మీద వేలు పెట్టాను.

రెండు వరసలు అయ్యాయి. మూడో వరసలో కావేరమ్మ ఆగి, కింద పోలమ్మ అల్లిన భాగాన్ని వేలితో తడిమి, తల ఎత్తకుండానే అంది:

"అత్తా, ఈడ ఒక కన్ను జారిపోయినాదే. చేప పోదా?"

"నా వలకే వంకలు పెడతావుమే!" అని పోలమ్మ గయ్యిమంది. అన్న తరవాత గానీ విన్నది ఏమిటో ఆమెకు తెలియలేదు. చెంబు వంగి నీళ్ళు కాళ్ళమీద ఒలికాయి. "ఏమన్నావు తల్లీ?" అని అడగబోయింది. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె మాట మింగేసింది. కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి కూర్చుని, "అవునమ్మా, జారిపోయినాది. నువ్వే సరిచెయ్యి" అంది.

ఆ తరవాత రోజూ అదే మా వైద్యం. పొద్దున ఎండ రాకముందు వరండా, వల, పక్కన బిడ్డ. డాక్టరమ్మ వచ్చి చూసి తిరిగి వెళ్ళిపోయేది. జ్ఞాపకాలు నేను నేర్పిన వరసలో రాలేదు. మొదట ఇంటి ముందున్న మేక వచ్చింది. ఆ తరవాత చనిపోయిన వాళ్ళమ్మ. శనివారం బిడ్డ ఏడిస్తే ఎవరూ చెప్పకుండానే సూది కింద పెట్టి, ఎత్తుకుని, పాలకు వేసుకుంది. చాలాసేపు మొహంలోకి చూసి, "దీని ముక్కు మాయమ్మ ముక్కే" అంది. మొగుడి పేరు మాత్రం, నేను వందసార్లు అనిపించిన పేరు, ఇంకా తనదై రాలేదు.

ఆదివారం ఏకాంబరం వచ్చాడు. నల్లగా, బక్కగా, భయంతో బిగుసుకుపోయి, మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. కావేరమ్మ తల ఎత్తి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"చొక్కాకి గుండీ యాడబోయినాది?" అంది. "మొన్నే గదా కుట్టినాను."

అతను ఏడవలేదు, నవ్వలేదు. గుండీ లేని చోట చేయి పెట్టుకుని, "వలలో తగులుకోని తెగిపోయినాదిమే" అన్నాడు.

పోలమ్మ నా వైపు తిరిగి, "జట్కా ఎప్పుడు దొరుకుద్ది ఆయమ్మా? ముగ్గురం వొచ్చినాం, నలుగురం పోవాల" అంది. డాక్టరమ్మ ఇంకో వారం ఉంచి డిశ్చార్జి రాసింది. అంటే, ఇక ఇంటికి పోవచ్చని. నిండు నెలలూ కాన్పూ మాత్రం కావేరమ్మకు జట్కా ఎక్కేనాటికి కూడా గుర్తు రాలేదు. "పోనీ ఆయమ్మా, అంతా నొప్పులేనంట గదా" అని నవ్వింది.

తరవాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. ప్రసవం తరవాత దిగులుపడ్డవాళ్ళు, జ్వరంలో మతి తప్పినవాళ్ళు ఎందరో వచ్చారు. ఎవరినీ అప్పజెప్పమని అడగలేదు. ముందు మనసు కుదురుగా కూర్చోవాలి. దానికి చేతికి తెలిసిన పని ఒకటి ఇవ్వాలి, తెలిసిన వాసన దగ్గర పెట్టాలి, మన నోరు మూసుకోవాలి. జ్ఞాపకం దాని వేళకు అది వస్తుంది. కొత్తగా చేరిన ఆయాలకు నేను నేర్పింది ఇంతే.

నా మట్టుకు నేను కూడా రోజూ పని దిగాక కాసేపు ఆ వరండాలో ఏమీ వల్లించకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో భయం వేసేది, మంచాలన్నీ తలలోంచి జారిపోతాయని. ఒక్కటీ జారలేదు, ఇంకా గట్టిపడ్డాయి. ఒకనాడు సాయంత్రం గుడ్డలు మడతపెడుతూ ఉంటే మా ఆయన నవ్వు వినబడింది. ముక్కుతో నవ్వేవాడు, పందిపిల్లలాగ. ఆయన పోయాక ఏడేళ్ళు ఆ నవ్వు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు, రావడానికి నా తలలో చోటే ఉంచలేదు. నేనూ నవ్వాను, ఒక్కదాన్నే, మడతపెట్టిన దుప్పట్ల ముందు. సంతోషం అంత దగ్గర్లో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

సరే సుశీలా, రాసిందంతా ఒకసారి చదవమే. మెల్లిగా చదువు, తడుముకున్నా ఫరవాలేదు. నేను మాట అందించనులే.