కళ్లంలో సగం

జగ్గయ్యపేట పక్క ఊళ్లో మా ఇల్లు. ఇంటి వెనక సిమెంటు కళ్లం మీద నాలుగేళ్లుగా సున్నపు గీతలున్నాయి. మా అమ్మాయి గీసుకున్న టెన్నిస్ కోర్టు అది. నిజానికి సగం కోర్టే, అవతలి సగం బదులు గోడౌను గోడ. మిరపకాయ కోతకొచ్చినా సరే, ఆ చోటు వదిలేసి మిగతా కళ్లంలోనే కాయ ఎండబోసుకోవాలి. ఇదేం గోల అని మా ఆయన మీద ఎన్నిసార్లు ఎగిరానో. ఆయన మాత్రం కూతురు గీసిన గీత దాటేవారు కాదు. బంతి కాయల్లో పడి కారం అంటుకునేది. అదే చేత్తో కళ్లు తుడుచుకుని పిల్ల ఏడ్చేది, మళ్లీ ఆడేది.

సాయంత్రాలు ఆయన దాన్ని బండి మీద నందిగామ తీసుకెళ్లేవారు, కోచ్ దగ్గరికి. పోయిన ఏడాది నుంచి ఎక్కడ ఆడినా మొదటి రౌండులోనే ఇంటికొచ్చేస్తోంది. ఇంటర్ అయిపోవస్తోంది. కోచ్ మమ్మల్ని కూర్చోబెట్టి, "నేను నేర్పగలిగింది ఇంతేనండి. హైదరాబాద్ అయినా పంపండి, చదువు మీదైనా పెట్టండి" అన్నాడు. పంపడానికి మేం సిద్ధమే. తేల్చుకోలేకపోతున్నది మా పిల్లే.

దానికి ఫోన్లో ఓ దేవత ఉంది, ఫిలిప్పీన్స్ అమ్మాయి. అక్క అని పిలుస్తుంది. "మనలాగే వాళ్ల దగ్గర కూడా టెన్నిస్ పెద్దగా ఎవరూ ఆడరమ్మా" అనేది. చిన్నప్పుడే ఇల్లు వదిలి, పరాయి దేశంలో ఆట నేర్చుకుని, పేరున్న వాళ్లనే ఓడించిందట. ఆమె ఏ దేశంలో ఆడినా, అక్కడ పనులకెళ్లిన వాళ్ల దేశస్థులు జెండాలు పట్టుకొచ్చి అరుస్తారు. ఆ అరుపులు వింటే నాకే ఒళ్లు జలదరించేది. తర్వాత ఆమెకీ ఓటములు మొదలయ్యాయి.

"రేపు ఆస్ట్రేలియాలో అక్క గెలిస్తే హైదరాబాద్ వెళ్తా. ఓడితే మానేస్తా" అంది మా అమ్మాయి, గుళ్లో చీటీలు వేసి దేవుణ్ని అడిగినట్టు. నీ బతుక్కి ఎవరో పిల్ల ఆటేంటే అని అరిచాను. వినలేదు. ఆ మొండితనం నాదే, ఇంకెవర్ని తిట్టను?

పొద్దున్నే అందరం కళ్లం గట్టు మీద కూర్చుని ఫోన్ చూశాం. మొదటి సెట్ పోయింది. అత్తగారు ఉండబట్టలేక గుప్పెడు ఎండుమిరపకాయలు, కల్లుప్పు తెచ్చి ఫోన్ చుట్టూ తిప్పారు. "లోకం కళ్లన్నీ ఆ పిల్ల మీదే, దిష్టి తగలదా మరి" అంటూ పక్కనే ఉన్న నీళ్ల పొయ్యిలో పడేశారు. దిష్టి ఉంటే కాయ కాలినా ఘాటు రాదని మాకు నమ్మకం. దిష్టే అయితే ఇక పోయినట్టే, ఆ పిల్ల గెలుస్తుంది. ఘాటు రాకూడదని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

గుప్పున లేచింది. అందరం దగ్గాం. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మా అమ్మాయి, "దిష్టి లేదు నానమ్మా. అవతలామె బాగా ఆడుతోంది, అంతే" అంది.

ఫిలిప్పీన్స్ అమ్మాయి ఓడిపోయింది. సంచి భుజానేసుకుని, జెండాల వైపు చెయ్యూపి వెళ్లిపోయింది.

"చూడవే, ఆ పిల్లేమన్నా మానేస్తుందా? వచ్చే వారం ఇంకెక్కడో ఆడుతుంది" అన్నాను.

"అక్కకి ఆట వచ్చమ్మా."

లేచి చెక్క పార అందుకుంది. కాయల కుప్పని లాగి, గీత దాటించి, తన సగంలోకి నెట్టడం మొదలుపెట్టింది. "అక్కడొద్దమ్మా" అన్నారు మా ఆయన. ఆ చోటు కోసం ఇన్నేళ్లూ పోట్లాడింది నేను. ఇప్పుడు పరిగెత్తి ఆ పార లాక్కోవాలనుంది. లాక్కుని ఏం చెప్పను? నువ్వు గెలుస్తావనా? సున్నపు గీతలు ఒక్కొక్కటే ఎర్రగా కప్పబడిపోతున్నాయి.

చివరికి నా నోట వచ్చింది ఒక్కటే.

"పల్చగా పొయ్యవే. లేకపోతే ఎండదు."