ఇంజనీరుగారికి పెట్టిన పప్పు

కాగితం మీద పెట్టిన నిజాన్ని ఎవరూ కాదనలేరని మనసారా నమ్మిన రోజులు నాకూ ఉండేవి. ఆ రోజుల్లో నాకు పాతికేళ్ళు. గవర్నర్‌పేటలో గుమాస్తా ఉద్యోగం, కొత్తగా పెళ్ళి, గుణదల అవతల అప్పుడప్పుడే వెలుస్తున్న కాలనీలో రెండు గదుల అద్దె వాటా. (వీటిలో అన్నిటికంటే ముందు పోయింది ఆ నమ్మకమే.) ఆ కాలనీ కుళాయిల్లో వచ్చేది బోరు నీరు. వారం తిరిగేసరికి బిందె అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పొర కట్టేది. సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు. తెల్లని జిడ్డు తరకలై ఒంటికి అంటుకునేది. నాలుగు ఉతుకులకు తెల్లచొక్కా గోధుమరంగుకు తిరిగేది. తాగడానికి మాత్రం ఆఫీసు కుళాయి దగ్గర కృష్ణ నీళ్ళు డబ్బాలో పట్టి, సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాణ్ణి.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పప్పు. ఆ నీళ్ళలో కుక్కరు ఏడు విజిళ్ళు వేసినా కందిపప్పు గింజకు గింజ విడిగానే ఉండేది. జన్మంతా కాలువ నీళ్ళతో వండిన మా అమ్మ, మాతో ఉండటానికి వచ్చిన మొదటి రోజు ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మాయ్, పప్పు నానబెట్టలేదా?" అని మా ఆవిణ్ణి అడిగింది. రెండో రోజు, "మీ పుట్టింట్లో ఇలాగే తింటారా?" అంది. మూడో రోజు ఏమీ అనలేదు. అది మరీ ప్రమాదం. "ఏమండీ, తప్పు నీళ్ళదని మీరైనా అత్తయ్యగారితో చెప్పొచ్చుగా," అని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెప్పవలసిన మాట ఒక్కటే. అది చెప్పడానికి బదులు నేను రిజిస్టరు మొదలుపెట్టాను.

తేదీ, విజిళ్ళు, పప్పు స్థితి, సబ్బు నురగ, వ్యాఖ్యలు: మొత్తం ఐదు గళ్ళు. రోజూ ఉదయం కుక్కరు ముందు పెన్సిలు పట్టుకుని నిలబడేవాణ్ణి. "ఒరేయ్ అబ్బాయ్, విజిళ్ళు రాసుకునే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదురా," అని అమ్మ విసుక్కునేది. నాలుగు నెలల్లో పదకొండు అర్జీలు రాసి, ప్రతిదానికీ రిజిస్టరు నకలు జతచేశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఈలోగా కృష్ణ నీటి గొట్టం మెయిన్ రోడ్డు దాకా వచ్చింది. అక్కణ్ణించి దాన్ని మా వీధికి మళ్ళించాలా, వెనక వీధికి మళ్ళించాలా అన్నది ఒక ఇంజనీరుగారు వచ్చి చూసి రాసే రిపోర్టు మీద ఆధారపడి ఉందని ఎదురింటి టీచరమ్మగారు కనుక్కొచ్చారు. "వీధి మొత్తానికి రాసిపెట్టింది మీరొక్కరే బాబూ. ఆయన్ని సరాసరి మీ ఇంటికే తీసుకొస్తా. ఈ ఛాన్సు పోతే మళ్ళీ ఎన్నేళ్ళకో!" అన్నారు.

నేను పద్ధతి ప్రకారం ఏర్పాట్లు చేశాను. ఇంజనీరుగారికి మధ్యాహ్న భోజనం మా ఇంట్లోనే. కుళాయి నీళ్ళతో వండిన పప్పు వడ్డించాలి. నా పదకొండు అర్జీలూ ఆయన పంటి కింద ఒక్కసారిగా పడాలి. "రేపు మాత్రం పప్పు ఉడక్కూడదు," అని ఇంట్లో ఇద్దరికీ స్పష్టంగా చెప్పాను. ఇద్దరూ తలూపారు. (అత్తాకోడళ్ళు ఒక్కసారిగా తలూపినప్పుడే నేను అనుమానించి ఉండవలసింది.)

మర్నాడు నేను కుక్కరు వదిలి వీధి గుమ్మంలో కాపలా కాశాను. ఇంజనీరుగారు టీచరమ్మగారి వెంట సఫారీ సూటులో వచ్చి, పీట మీద కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను రిజిస్టరు తెరిచాను.

"పప్పు వెన్నలా ఉందండీ! మా ఇంట్లో కూడా ఇంత మెత్తగా ఉడకదు," అన్నారాయన.

మా అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆయన పప్పు మీద ఇంకో గరిటె నెయ్యి పోసి లోపలికి వెళ్ళింది. "సార్, నాలుగు నెలల రికార్డు ఒక్కసారి చూస్తే..." అన్నాను.

"రికార్డు సరేనండీ, తింటున్నాను కదా! ఇంత మంచి నీళ్ళకి కంప్లైంటేంటండీ? భోజనం కాగానే రాసేస్తా, ఈ వీధికి అవసరం లేదని."

టీచరమ్మగారు నా చెవి దగ్గరికి వంగి, "ఏం బాబూ, వీధిలో నీళ్ళు మీ గుమ్మం దాటగానే మారిపోయాయా? మా కొంపలు ముంచారు కదా!" అన్నారు. నేను వంటింట్లోకి పరిగెత్తాను.

"ఇంటికొచ్చిన మనిషికి ఉడకని పప్పు పెడతానట్రా? చిటికెడు తినేసోడా వేశాను," అంది అమ్మ.

"సోడా వేశారా అత్తయ్యగారూ? నేను డబ్బాలోని కృష్ణ నీళ్ళు పోసి వండానండీ! ఆయన పోయి, ఫలానా వాళ్ళావిడ రాళ్ళు వండి పెట్టిందని నాలుగు చోట్ల చెప్పరూ?"

"నాకు చెప్పొద్దుటే?"

"మీరు చెప్పారా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగు నెలల్లో మొదటిసారి కలిసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నిజం బయటపెడితే అతిథి ముందు ఇద్దరి పరువూ పోతుంది. పెట్టకపోతే వీధికి నీళ్ళు పోతాయి. ఏదీ తేల్చుకోలేక రిజిస్టరు గుండెలకు అదుముకుని నిలబడ్డాను. మా ఆవిడ నా పక్కనుంచి తప్పుకుని, గూట్లోంచి కొత్త సబ్బు తీసుకుని బయటికి నడిచింది.

"అన్నయ్యగారూ, చెయ్యి కడుక్కుందురుగాని రండి."

పెరటి కుళాయి దగ్గర ఇంజనీరుగారు సబ్బు రుద్దారు. నెయ్యి వదల్లేదు. మళ్ళీ రుద్దారు. వేళ్ళ సందుల్లో, ఉంగరం చుట్టూ తెల్లటి తరకలు పేరుకున్నాయి. "ఇదేంటమ్మా, సబ్బు నకిలీదా?"

"సబ్బు మంచిదేనండీ. మేం రోజూ ఇలాగే కడుక్కుంటాం."

ఆయన తన చేతిని చూసుకున్నారు. తెల్లగా పొర కట్టిన బకెట్టునీ, సున్నం పట్టి మూసుకుపోతున్న కుళాయి మూతినీ చూశారు. తువ్వాలుతో తుడుచుకుంటే తువ్వాలు చేతికి అంటుకుంది. లోపలికి వచ్చి, మా వీధికి గొట్టం తప్పనిసరి అని రాశారు. నా రిజిస్టరు అడగనే లేదు. గడప దాటుతూ మాత్రం, "మరి ఆ పప్పు ఎలా ఉడికిందమ్మా?" అన్నారు.

"అది మా కోడలి చేతి గుణం నాయనా," అంది మా అమ్మ.

గొట్టం వచ్చింది, నీళ్ళూ వచ్చాయి. ఇప్పుడు గన్నవరం దారి పొడుగునా లేచిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు మళ్ళీ బోర్లు వేసుకుని, మళ్ళీ కుళాయి మూతులు గీక్కుంటూ, అర్జీలు ఎలా రాయాలో నన్ను అడగడానికి వస్తుంటారు. డెబ్బై దాటిన ఓపికతో నమూనా రాసిచ్చి పంపుతాను. నిన్న ఒకాయన పాతది చూపించమంటే, ఆ రిజిస్టరు వెతికి తీశాను. ఆ రోజు పేజీలో విజిళ్ళు మూడు, పప్పు స్థితి వెన్న. వ్యాఖ్యల గడిలో ఎర్ర సిరాతో, గుండ్రని దస్తూరీతో, "ఇంటివారి సహకారం శూన్యం" అని ఉంది. అది చాలదని, కింద రెండు గీతలు కూడా గీశాడు ఆ పాతికేళ్ళ పెద్దమనిషి.