మూడోసారి అనని మామయ్య

మామయ్య నోట "మూడోసారి" అన్న మాట విన్నవాళ్లు ఎవరూ లేరు. పాత నాణేల వేలంలో సుత్తి పట్టుకుని "ఒకటోసారి" అంటాడు. "రెండోసారీ..." అని సాగదీసి కళ్లద్దాలు తుడుస్తాడు, దగ్గుతాడు, వెళ్లి కిటికీ వేసి వస్తాడు. ఈలోగా నాణేల సంఘంలో కుర్రవాళ్లకు జుట్టు నెరుస్తుందని చెప్పుకునేవారు. ఆఖరికి మాటా పలుకూ లేకుండా సుత్తి దించుతాడు. ఆయన పెళ్లి కూడా ఇలాగే తప్పిపోయిందని మేనకోడలి నమ్మకం. ఈయన ఔననే లోపు ఆ అమ్మాయికి ఇద్దరు పిల్లలు పుట్టారు.

వేలం జరిగే హాలును ఈమధ్య వ్యాయామశాలకు ఇచ్చేశారు. నాణేలు సేకరించే నలభైమందీ ఒక్కొక్కరు ఒక్కో గదిలో, ఒక్కో భూతద్దంతో మిగిలిపోయారు. వారానికోసారి మనిషి మొహం చూసే భాగ్యం కూడా పోయింది. అందుకని వేలానికి వెబ్‌సైటు కట్టే పని మేనకోడలి నెత్తిన పడింది. ఆమెదీ ఒంటి బతుకే. ఒకే గది, ఒకే కుర్చీ, మధ్యాహ్నం దాకా ఫ్రిజ్జు తప్ప చప్పుడు చేసేది లేదు. మామయ్య రోజూ వచ్చి పని చెడగొడుతుంటే పైకి విసుక్కునేది కానీ, ఆయన రావడం ఆలస్యమైతే తలుపు తీసి చూసేది.

"మూడు నిమిషాలు కాగానే పాట ముగుస్తుంది మామయ్యా. గడియారమే చూసుకుంటుంది."

"దగ్గుతుందా?"

"గడియారం ఎందుకు దగ్గుతుంది?"

"అయితే నాకొద్దు."

"ఒక్కో నాణేనికి అరగంటైతే వేరే సైటుకు పోతామంటున్నారు అందరూ. వాళ్లు పోతే ఇక సంఘమెక్కడిది?"

మామయ్య ఒక్క నిమిషం ఆలోచించాడు. ఆయన నిమిషమంటే కాఫీ చల్లారేంత. "సరే, నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకు నచ్చలేదు.

మొదటి ఆదివారం పన్నెండు నాణేలు ముప్పై ఆరు నిమిషాల్లో అమ్ముడుపోయాయి. సభ్యులు ఆమెను ఆకాశానికెత్తేశారు. మామయ్య మాత్రం ఫోను చేయలేదు.

మర్నాడు లోపాలేమైనా ఉన్నాయేమోనని ఆమె సర్వర్ రికార్డులు తిరగేసింది. పదకొండో నంబరు సభ్యుడు పాట పాడే పేజీని ప్రతిసారీ అందరికంటే ముందే తెరిచాడు. పాట మాత్రం పన్నెండు సార్లూ గడువు దాటాకే వచ్చింది. ఒకసారి ఇరవై సెకన్లు, ఒకసారి పదిహేను, ఒకసారి నాలుగే. ఆమె చెప్పులేసుకుని మామయ్య ఇంటికి బయల్దేరింది.

"పదకొండు ఎవరు మామయ్యా?"

మామయ్య కళ్లద్దాలు తీసి తుడిచాడు. "బస్సు డ్రైవరుగా చేసేవాడు. పాతికేళ్ల కిందట పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమది లేపడానికీ టైం పడుతుంది. అడిగితే బాగానే ఉన్నానంటాడు. ఆగండి, ఆయన చెయ్యి లేపుతున్నాడు అని పదిమందిలో అంటే మళ్లీ హాలుకొస్తాడా?"

"అందుకా ఈ దగ్గులన్నీ?"

"కిటికీ కూడా."

"మరి పెళ్లి?"

"అది వేరు. అది నిజంగానే నాన్చాను."

ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "నాకు ముందే చెప్పొచ్చుగా."

"ఆయన నాకే చెప్పలేదు. నీకెలా చెప్పను?"

ఆమె గదికొచ్చి గడియారం మార్చింది. ఇక పదకొండో నంబరు పాడేదాకా, లేదా పేజీ మూసేదాకా పాట ముగియదు. మిగతావాళ్లకు కనిపించేది "సర్వర్ నెమ్మదిగా ఉంది, దయచేసి ఆగండి" అన్న ముక్క మాత్రమే.

తర్వాతి ఆదివారం తిట్లన్నీ ఆమెకే. నత్త చేత కట్టించినా సైటు ఇంతకంటే నయంగా ఉండేదని ఒక రిటైర్డు లెక్కల మాస్టారు అందరూ చూసేలా సైటులోనే రాశాడు. "సర్వర్ పాతదండీ, క్షమించండి" అని ఆమె అందరికీ ఒకటే జవాబిచ్చింది. తిట్టారే గాని ఒక్కరూ పోలేదు. ఆగినంతసేపూ అందరూ కలిసి సైటును తిట్టుకునే వీలు దొరికింది మరి.

సోమవారం పొద్దున ఫోను మోగింది.

"సైటు కట్టిన అమ్మాయేనా? నేను పదకొండు. చిల్లుపడ్డ రాగి నాణెం నాకే వచ్చింది."

"సంతోషమండీ."

"ఒక్క మాటమ్మా. ఆ సర్వరుకు కాస్త వైద్యం చేయించు. నాకే విసుగొచ్చిందంటే చూసుకో."

"చేయిస్తానండీ" అంది ఆమె. ఆయన ఆ చిల్లు ఎలా పడి ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. ఫోను పెట్టేసే తొందర ఇద్దరిలో ఎవరికీ లేదు.