పైడమ్మక్క గడియ వేసిన గది

నిన్న ప్రేమ్ బజార్‌లో మందుల దుకాణం ముందు నిలబడ్డాను. నా ముందున్న విద్యార్థి ఒకడు బెణికిన చీలమండ మీద నొప్పుల మందు అక్కడికక్కడే పిచికారీ చేసుకున్నాడు. ఆ చల్లని ఘాటు ముక్కుకు తగలగానే నేనొక అడుగు వెనక్కి వేశాను. నేను ఆడటం మానేసి చాలా ఏళ్లయింది. అయినా ఆ వాసన వస్తే చాలు, మేం బట్టలు మార్చుకునే రేకుల గది, అందులో ఆటకు ముందు ఎవరూ ఎవరినీ చూడకుండా బూట్ల తాళ్లు కట్టుకునే మౌనం గుర్తొస్తాయి. ఆ వెంటే పైడమ్మక్క గుర్తొస్తుంది. ఆమె పోయి ఏడాది దాటింది.

పైడమ్మక్క మా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. వాళ్ల తాత బొబ్బిలి వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కు రెండు వీధుల అవతల ఉండేవాళ్లు. మా అందరికంటే ఆమే పెద్దది, ముప్పైకి దగ్గరపడింది. నన్ను గోల్‌కీపర్‌ని చేసింది ఆమే. "పొడుగొక్కటే సాలదే సత్యా. నోరుండాల. నువ్వరిస్తేనే ముందున్నోలికి బంతెక్కడుందో తెలుస్తాది" అని నాకు అరవడం నేర్పింది.

మేం ఫైనల్‌కు చేరిన ఏడు ఆ అరుపే మా కొంప ముంచింది. నా ముందు డిఫెండర్‌గా ఆడే రింకూది పక్కపేట తాల్‌బగీచా. తెలుగు పిల్లలతో కలిసి చదివిన బెంగాలీ అమ్మాయి. లీగ్ మ్యాచ్‌లో గాల్లోంచి వచ్చిన బంతికి నేను అరిచాను, అయినా అది మా ఇద్దరి మధ్య పడి గోలైంది. తప్పు నీదంటే నీదనుకున్నాం. అంతటితో మాటలు ఆగిపోయాయి. ఈలోగా ఫైనల్ చూడటానికి రైల్వే సెలెక్టర్లు వస్తున్నారని తెలిసింది. ఎంపికైతే శిక్షణ శిబిరం, ఆ తర్వాత ఉద్యోగం. దాంతో గదిలో నవ్వులు కూడా పోయాయి. ఎవరి సంచీ వాళ్లు గోడవైపు తిప్పి పెట్టుకునేవాళ్లం. నాకు అన్నం సహించేది కాదు. నా చేతులు వణుకుతున్నాయని ఎవరైనా గమనిస్తే నా చోటు పోతుందని, గ్లవ్స్ అందరికంటే ముందే తొడుక్కునేదాన్ని.

ఫైనల్ మొదటి సగంలో సరిగ్గా అదే గోలు పడింది. ఎత్తుగా వచ్చిన బంతికి నేను "ఛోడ్!" అని అరిచాను. వదిలెయ్యమన్నా రింకూ వదల్లేదు. బంతి ఇద్దరికీ అందకుండా లోపలికి పోయింది.

హాఫ్‌టైమ్‌లో గదిలోకి వచ్చాక పైడమ్మక్క తలుపు గడియ వేసింది. తిట్లు తప్పవనుకుని తల దించుకున్నాను. ఆమె బెంచీ మీద కూర్చుని మేజోడు కిందికి లాగింది. మోకాలు వాచి నున్నగా మెరుస్తోంది.

"సూడండి. సాన్నాళ్లై ఇలగే ఉంది. ఎవలికీ సెప్పనేదు. సెప్తే కూకోబెట్టేస్తారని బయం. ఇందాక అవతల జట్టు పిల్ల పక్కనించి బంతి తెస్తంటే ఎనకాల పరిగెట్టనేకపోనాను. ఆ గోలు నాదే." ఆమె ఒక్కొక్కరి వైపే చూసింది. "ఇప్పుడు మీరు సెప్పండి. ఎవలికేటి బయమో."

జట్టులో తెలుగు రానివాళ్లకు ఆ మోకాలే అంతా చెప్పింది.  ముందుగా రింకూ నేలవైపు చూస్తూ నోరు విప్పింది. "దీదీ, ఎత్తు బంతి వస్తే నాకు డర్. సత్య అరుస్తుంది, వినబడుతుంది. కానీ తిడుతున్నట్టు ఉంటుంది. అప్పుడు కాళ్లు ఆగిపోతాయి."

"నాను తిట్టనేదే! బయమేసి అరిసినాను," అన్నాను. గ్లవ్స్ తీసి చేతులు చూపించాను. అవి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

రింకూ నా చేతుల్ని చూసింది. "అయితే ఛోడ్ అనకు. నా పేరు పెట్టి పిలువు."

ఎవరో ఫక్కుమని నవ్వారు. ఎన్నో రోజుల తర్వాత ఆ గదిలో వినిపించిన నవ్వు అది. ఒకరు తన షిన్‌గార్డు విరిగిందన్నారు, ఇంకొకరు పెనాల్టీ తనకివ్వొద్దన్నారు. పైడమ్మక్క అన్నీ విని, ఎవరికి ఎవరు అండగా ఉండాలో చెప్పింది. తర్వాత గడియ తీసి, కోచ్ దాదా దగ్గరికి వెళ్లి తన బదులు వేరే అమ్మాయిని దింపమంది. సెలెక్టర్లు ఎదురుగానే కూర్చున్నారు. ఆ వయసుకు అదే ఆమెకు ఆఖరి అవకాశమని మా అందరికీ తెలుసు.

రెండో సగంలో రెండు గోల్స్ వేశాం. చివరి నిమిషాల్లో మళ్లీ అదే ఎత్తు బంతి వచ్చింది.  "రింకూ!" అన్నాను. ఆమె తల వంచి పక్కకు తప్పుకుంది. బంతి నా చేతుల్లో పడింది. దాన్ని పొట్టకు అదుముకుని, ఈల వినబడేదాకా లేవలేదు.

శిబిరానికి రింకూనీ నన్నూ పిలిచారు. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు ఆగి అక్క ఇంటికి వెళ్లాను. ఆమె వేడినీళ్లలో గుడ్డ ముంచి మోకాలికి కాపడం పెట్టుకుంటోంది.

"ఎందుకు సెప్పినావక్కా? ఆ సగం కూడా ఓర్సుకుంటే నిన్నూ పిలిసేవోలేమో."

"ఏమో. నాకు బాద నేదని అబద్దమాడను, ఏడిసినాను. అంత ఆలోసించి సేసింది కాదే. మీరిద్దరూ సెరో గోడకీ తిరిగి కూకున్నారు. సూడనేకపోనాను." గుడ్డ పిండి పక్కన పెట్టింది. "టీ తాగుతావేటి?"

ఆ తర్వాత ఆమె పెద్ద మ్యాచ్ ఏదీ ఆడలేదు. నాకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సాయంత్రాలు అమ్మాయిలకు ఆట నేర్పుతున్నాను. నా భయం నన్ను వదల్లేదు. వాళ్ల మ్యాచ్ ఉన్న రోజు ఇప్పటికీ నాకు తిండి సహించదు. పోయిన ఆదివారం ఆట మొదలయ్యే ముందు వాళ్ల గదిలోకి వెళ్లాను. ఒక్కరూ మాట్లాడటం లేదు. ధైర్యం చెప్పబోయి ఆగిపోయాను. "నాకివాళ సాలా బయంగా ఉందమ్మా," అన్నాను. పిల్లలు తలలెత్తి నావైపు చూశారు. అందరికంటే మౌనంగా ఉండే పిల్ల తన సంచీ తీసి కింద పెట్టి, బెంచీ మీద నాకు చోటిచ్చింది.